అప్పు చిట్టా నుంచి ఒమాహెకె ఎడారి దాకా: హెరెరోల నిర్మూలన వెనుక లెక్కలు

1903 జూలైలో జర్మన్ సౌత్ వెస్ట్ ఆఫ్రికా వలస ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. ఈనాటి నమీబియా అది. తెల్ల వ్యాపారులు ఆఫ్రికన్లకు అరువిచ్చిన సరుకు బాకీ ఏడాదిలోపు వసూలు కాకపోతే ఇక చెల్లదని ఆ ఉత్తర్వు సారాంశం. కాగితం మీద చూస్తే, అక్కడ పశువులు మేపుకుని బతికే హెరెరో జాతివాళ్లు అప్పుల్లో కూరుకుపోతే ఆదుకునే చట్టమే. జరిగింది మాత్రం దానికి తలకిందులు. గడువు దాటితే చిట్టాలోని పద్దులన్నీ నీళ్లపాలవుతాయని వ్యాపారులు బండ్లు కట్టుకుని ఊళ్ల మీద పడ్డారు. దొడ్లో ఆవుకు ధర కట్టేదీ వాళ్లే, బాకీ ఎంతో చెప్పేదీ వాళ్లే. దుప్పటికీ, కాఫీ గింజలకూ, సారాయి సీసాకూ ఎంత రాసుకున్నారో చదవడం రానివాడికి తెలిసే దారి లేదు. బాకీదారు దొరక్కపోతే వాడి బంధువు మందలోంచి తోలుకుపోయారు.

ఆరు నెలలు తిరిగేసరికి, 1904 జనవరి 12న, ఒకహాండ్జాలో తిరుగుబాటు మొదలైంది. అంతకుముందు హెరెరోల జనాభా సుమారు 80,000 అని అంచనా. 1911 జనగణనలో మిగిలింది 15,000 చిల్లర.

ఎందుకు అని అడిగితే సాధారణంగా రెండు మాటల్లో తేల్చేస్తారు: దురాశ, జాత్యహంకారం. రెండూ అబద్ధం కాదు. అయితే దురాశ మొదటి రోజు నుంచీ ఉంది. జాత్యహంకారం యూరప్‌లో ఓడ ఎక్కినప్పుడే వెంట వచ్చింది. అలాంటప్పుడు ఇరవై ఏళ్ల పాటు ఒప్పందాలు, బేరాలు, బెదిరింపులతో నడిచిన వ్యవహారం 1904లోనే ఎందుకు నిర్మూలన దాకా పోయింది? అదే ఏడాది డిసెంబరుకు ఎందుకు రూపు మార్చుకుంది? ద్వేషం ఎంత ఉందో కొలిస్తే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. ఆ మనుషుల దగ్గర వలస పాలకులకు ఎప్పుడు ఏం కావలసివచ్చిందో చూస్తే దొరుకుతుంది. భూమి కావాలా, పశువులు కావాలా, రెక్కల కష్టం కావాలా, సైన్యం పరువు నిలబడాలా? కావలసింది మారినప్పుడల్లా హింస తీరూ మారింది.

మొదటి మెట్టు మోసం. 1883లో బ్రెమెన్ పొగాకు వర్తకుడు అడాల్ఫ్ లూడరిట్జ్ నామా అనే మరో స్థానిక జాతి నాయకుడు జోసెఫ్ ఫ్రెడరిక్స్ దగ్గర సముద్ర తీరాన్ని కొన్నాడు. పత్రంలో తీరం నుంచి లోపలికి 20 మైళ్లు అని రాశారు. నామాలకు తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. లూడరిట్జ్ తర్వాత తీసిన లెక్క జర్మన్ భౌగోళిక మైలుది, 7.4 కిలోమీటర్లు. 32 కిలోమీటర్లు అమ్మామనుకున్నవాళ్లు దాదాపు 150 కిలోమీటర్లు రాసిచ్చినట్టయింది. ఈ దశలో తుపాకీ అవసరం పెద్దగా రాలేదు, కలం సరిపోయింది.

1884లో జర్మనీ దీన్ని తన రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. తొలి కమిషనర్ హైన్రిక్ గోరింగ్, తరువాతి కాలపు నాజీ నాయకుడు హెర్మన్ గోరింగ్ తండ్రి. ఈ బంధుత్వాన్ని పట్టుకుని కాలనీ రాజధాని విండ్‌హుక్ నుంచి నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ దాకా తిన్నగా గీత గీసేవారున్నారు. ఆ గీత ఆకర్షణీయమే కానీ, ఇక్కడి కారణాలను అది కప్పేస్తుంది. రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టనన్న నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి శిబిరం హోర్న్‌క్రాన్జ్ మీద 1893 ఏప్రిల్ 12న జర్మన్ సైన్యం తెల్లవారుజామున విరుచుకుపడింది. దాదాపు 80 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. ఒప్పుకోనివాడికి గుణపాఠం చెప్పి మిగతావాళ్లను లొంగదీసుకోవడం దాని ఉద్దేశం. జాతిని తుడిచిపెట్టే ఆలోచన ఇంకా ఎవరికీ లేదు.

ఆ తర్వాత పదేళ్లు పాలించిన థియోడోర్ లాయిట్‌వైన్ ఇంకా నెమ్మదైన మనిషి. ఒక నాయకుణ్ణి మరొకడి మీదికి ఎగదోయడం, వారసత్వ తగాదాల్లో తనకు అనుకూలమైనవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టడం, సరిహద్దులు కొంచెం కొంచెం జరపడం అతని పద్ధతి. ఒకహాండ్జాలో శామ్యూల్ మహరేరో హెరెరోల పెద్ద నాయకుడైంది అలాగే. యుద్ధం లేకుండానే భూమి చేతులు మారుతుందని లాయిట్‌వైన్ నమ్మకం. ఆ నమ్మకానికి ఊహించని చోటు నుంచి సాయం అందింది.

1897లో రిండర్‌పెస్ట్ వచ్చింది. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమంతటా పశువులను ఊడ్చేసిన మహమ్మారి అది. కొన్ని చోట్ల హెరెరోల మందల్లో పదింట తొమ్మిది చచ్చిపోయాయి. హెరెరోలకు పశువంటే ఆస్తి ఒక్కటే కాదు. పెళ్లి, చావు, పూర్వీకుల పవిత్రాగ్ని అన్నీ మంద చుట్టూ అల్లుకున్నవే. వెనకే జ్వరాలు వచ్చి మనుషులనూ తీసుకుపోయాయి. తెల్ల రైతుల పశువులకు చాలావరకు టీకాలు పడ్డాయి. మొన్నటిదాకా తెల్లవాళ్లకు పశువులమ్మిన హెరెరోలు ఇప్పుడు వాళ్ల దగ్గర కూలికి వెళ్లాల్సి వచ్చింది, తిండికీ బట్టకూ అరువు పెట్టాల్సి వచ్చింది. హెరెరోల సంప్రదాయంలో భూమి ఏ ఒక్కడిదీ కాదు, అమ్మే హక్కు ఎవరికీ లేదు. కానీ అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే నాయకులు భూములు రాసివ్వడం మొదలుపెట్టారు. మహరేరో కూడా రాసిచ్చాడు.

అంటే 1903 నాటికి పశువులు అప్పు కింద, భూమి పశువుల వెనక, ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. ఒటావి రాగి గనులకు స్వాకోప్‌ముండ్ రేవు నుంచి రైలు మార్గం హెరెరో నేల గుండా వేయాలని పనులు మొదలయ్యాయి. రైలు వెళ్లే చోట భూమి ధర పెరుగుతుంది, ధర పెరిగిన భూమికి తెల్ల రైతు వస్తాడు. ఆ ఏడాది కాలనీ మొత్తంలో తెల్లవాళ్లు 4,700 లోపే. అంతమందికే ఇంత జరిగితే, రైలు వచ్చాక ఏం మిగులుతుందో ఊహించడానికి హెరెరో పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు న్యాయం. యజమాని కూలివాణ్ణి కొరడాతో కొట్టడాన్ని ‘తండ్రి దండించే హక్కు’ అని పిలిచి ఆమోదించారు. 1903లో ఒక జర్మన్ వ్యాపారి, దారిలో తనను బండి ఎక్కించుకున్న హెరెరో నాయకుడి కొడుకు భార్యను కాల్చి చంపాడు. మొదటి కోర్టు నిర్దోషి అంది. అప్పీలులో మూడేళ్ల శిక్ష పడింది. తెల్లవాణ్ణి చంపిన హెరెరోకు ఏ శిక్ష పడేదో ఆ దేశంలో చిన్నపిల్లవాడికీ తెలుసు.

తిరుగుబాటులో మొదట దాడికి గురైన చోట్లు చూస్తే కారణాల పట్టిక దొరుకుతుంది: పొలాల మీది తెల్ల రైతుల ఇళ్లు, వ్యాపారుల దుకాణాలు, రైలు పట్టాలు, తంతి తీగలు. 120 మందికి పైగా జర్మన్లు చనిపోయారు, దాదాపు అందరూ మగవాళ్లే. ఆడవాళ్లనూ పిల్లలనూ, మిషనరీలనూ, ఇంగ్లీషువాళ్లనూ, బోయర్లనూ ముట్టుకోవద్దని మహరేరో ఆజ్ఞ. అది చాలావరకు అమలైంది కూడా. కానీ బెర్లిన్ పత్రికలకు చేరిన కథ వేరు. జర్మన్ ఆడవాళ్లను నరికారన్న పుకార్లతో దేశం ఊగిపోయింది. వలస హింసలో భయం పాత్రను తక్కువ చేయకూడదు. నలుగురైదుగురు తెల్లవాళ్లు వేలమంది మధ్య బతికే చోట భయం అబద్ధం కాదు. అయితే ఆ భయాన్ని ఊరూరా పంచి, సైన్యానికి బడ్జెట్‌గా మార్చినవాళ్లు ఆ పొలాల దరిదాపుల్లో లేరు.

ఇక్కడే వలసవాదుల్లోనే రెండు వర్గాలు కనిపిస్తాయి. హెరెరోలను పూర్తిగా తుడిచిపెట్టాలన్న కేకలను లాయిట్‌వైన్ వ్యతిరేకించాడు. దయతో కాదు. పశువులు కాసేందుకు, ముఖ్యంగా కూలి పనికి వాళ్లు కావాలన్నది అతని వాదన. రాజకీయంగా చచ్చిపోతే చాలు, మనుషులుగా బతకనివ్వాలన్నాడు. వినడానికి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, ఆ ఏడాది హెరెరోల ప్రాణాల పక్షాన ప్రభుత్వంలో వినిపించిన గట్టి వాదన అదే.

బెర్లిన్ అతణ్ణి పక్కన పెట్టి లోథర్ వాన్ ట్రోథాను పంపింది, అతను జూన్‌లో వచ్చి దిగాడు. తూర్పు ఆఫ్రికాలో, చైనాలో బాక్సర్ల తిరుగుబాటు అణచివేతలో పనిచేసిన జనరల్. గవర్నరు మాట వినాల్సిన పని లేదు, చక్రవర్తికీ ప్రధాన సైనిక కార్యాలయానికీ జవాబు చెబితే చాలు. ఆగస్టు 11న వాటర్‌బర్గ్ దగ్గర హెరెరోలను, పిల్లాజెల్లా మందలతో సహా, చుట్టుముట్టాడు. ఒకే దెబ్బతో ముగియాల్సిన యుద్ధం ముగియలేదు. హెరెరోలు ఆగ్నేయంగా వలయం ఛేదించుకుని ఒమాహెకె ఎడారిలోకి పోయారు. సైన్యం వెంటపడి నీటి చెలమలను ఆక్రమించింది, ఎడారి అంచున 250 కిలోమీటర్ల మేర కాపలా పెట్టింది. తర్వాత అటు వెళ్లిన గస్తీ దళాలకు కనిపించినవి నీళ్ల కోసం చేతులతో ఇసుకలో లోతుగా తవ్విన గోతులు, వాటి అంచుల చుట్టూ మనుషుల, పశువుల ఎముకలు. చాలా గోతుల్లో నీటి జాడే లేదు.

అక్టోబరు 2న ట్రోథా ప్రకటన వచ్చింది. జర్మన్ హద్దుల్లో కనిపించిన ప్రతి హెరెరోనూ తుపాకీ ఉన్నా లేకపోయినా, పశువులున్నా లేకపోయినా కాల్చేస్తారు. ఆడవాళ్లనూ పిల్లలనూ ఇక తీసుకునేది లేదు, వెనక్కి తరుముతారు లేదా కాల్పులు జరుపుతారు. నాయకుణ్ణి పట్టిస్తే 1,000 మార్కులు, మహరేరోను పట్టిస్తే 5,000. సైనికులకు విడిగా చెప్పిన మాట ఏమిటంటే, ఆడవాళ్ల తలల మీదుగా కాల్చితే వాళ్లు పరిగెడతారని. ఎటు పరిగెడతారు? నీళ్లు లేని ఎడారిలోకి.

దురాశ అనే ఒక్క తాళంచెవి ఈ గది తలుపు తెరవదు. జర్మనీ ఈ యుద్ధానికి దాదాపు 14,000 మంది సైనికులను పంపింది, 58 కోట్ల మార్కులకు పైగా ఖర్చు పెట్టింది. అప్పటిదాకా ఆ కాలనీ ఇచ్చిన రాబడితో పోలిస్తే అది పిచ్చి ఖర్చు. పైగా ఏ పశువుల కోసం గొడవ మొదలైందో ఆ పశువులు వేలకు వేలు ఎడారిలో దాహంతో చచ్చాయి. లాభమే చూసుకునేవాడు తన పెట్టుబడిని ఇలా తగలబెట్టుకోడు. ట్రోథాకు కావలసింది వేరు. ప్రపంచం ముందు జర్మన్ సైన్యం ఆఫ్రికన్ పశుపాలకుల చేతిలో తెల్లబోకూడదు, వాటర్‌బర్గ్‌లో దొరకని సంపూర్ణ విజయం ఎలాగైనా దొరకాలి. పట్టుకోలేకపోయినవాళ్లను ఎడారికి వదిలేసి దాన్నే విజయంగా లెక్కేశాడు. ‘జాతుల యుద్ధం’ అన్న మాట అతని రాతల్లో తరచూ కనిపిస్తుంది. యుద్ధం విఫలమైన చోట ఆ మాట అక్కరకొచ్చింది: ఓడిపోయింది సైనిక వ్యూహం కాదు, ఈ మనుషులే యుద్ధ నియమాలకు బయటివాళ్లు అని చెప్పుకోవచ్చు. జాతి సిద్ధాంతం ఇక్కడ నిప్పు రాజేయలేదు. రాజుకున్న నిప్పును ఆర్పాల్సినవాళ్ల చేతులు కట్టేసింది.

డిసెంబరులో ప్రకటన రద్దయింది. ఛాన్సలర్ బ్యులో చక్రవర్తికి చెప్పిన కారణాలు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇది క్రైస్తవానికి విరుద్ధం, ఆచరణలో సాధ్యం కాదు, కాలనీ ఆర్థికానికి నష్టం, జర్మనీ పేరు పాడవుతుంది. నాలుగింటిలో మూడు లెక్కలే. ఫలితం కూడా లెక్క ప్రకారమే వచ్చింది. ఎడారి నుంచి పీనుగుల్లా వచ్చినవాళ్లను విండ్‌హుక్, ఒకహాండ్జా, కరిబిబ్, స్వాకోప్‌ముండ్, లూడరిట్జ్ దగ్గరి షార్క్ ఐలాండ్ శిబిరాల్లోకి తోలి, సైన్యానికీ ప్రైవేటు కంపెనీలకూ కూలీలుగా ఇచ్చారు. 1904 అక్టోబరులో హెరెరో అంటే కాల్చి పారేయాల్సిన మనిషి. నాలుగు నెలల్లో తట్టలు మోయాల్సిన మనిషి అయ్యాడు. ద్వేషం ఏమీ తగ్గలేదు, అవసరం మారింది.

కూలి శిబిరం అంటే ప్రాణం దక్కిందని కాదు. అప్పటికి నామాలు కూడా తిరగబడి ఓడిపోయారు. 1906 సెప్టెంబరులో షార్క్ ఐలాండ్‌కు తెచ్చిన 1,795 మంది నామాల్లో 1907 ఏప్రిల్ నాటికి 1,032 మంది చనిపోయారు. దక్షిణాన రైలు పనిలో పెట్టిన 2,014 మంది ఖైదీల్లో ఏడాదిన్నరలో 1,359 మంది పోయారు. షార్క్ ఐలాండ్ అట్లాంటిక్ చలిగాలులు నిరంతరం కొట్టే రాతి దీవి. ఒంటి మీద గోనె ముక్కలు, వండుకోవడానికి కట్టెలు సరిగా లేని బియ్యం. చనిపోయినవారి తలలను ఉడికించి, గాజు పెంకులతో మాంసం గీకి శుభ్రం చేయించింది తోటి ఖైదీ మహిళల చేతనే. ఆ పుర్రెలు పెట్టెల్లో బెర్లిన్ వెళ్లాయి, కొలతలు తీయడానికి. వాటిలో 20 పుర్రెలు 2011లో నమీబియాకు తిరిగొచ్చాయి.

చివరికి భూమి. 1905 డిసెంబరు 26 ఉత్తర్వుతో హెరెరోల భూమిని స్వాధీనం చేసుకున్నారు, 1907లో నామాలదీ. అదే 1907 ఆగస్టు నిబంధనల ప్రకారం ఆఫ్రికన్లు అనుమతి లేకుండా భూమి గానీ పశువులు గానీ ఉంచుకోరాదు, ఏడేళ్లు దాటిన ప్రతివాళ్లూ నంబరు వేసిన లోహపు బిళ్ల మెడలో వేసుకు తిరగాలి, తెల్లవాడి దగ్గర పనిలో లేనివాణ్ణి తిరుగుబోతుగా చూస్తారు. ఇరవై ఏళ్లుగా అప్పు చిట్టా నెమ్మదిగా సాధిస్తున్నదాన్ని రెండు గెజెట్ కాగితాలు ఒక్కసారిగా పూర్తి చేశాయి. ఆవుల మీద బతికిన జాతికి ఆవు ఉంటే నేరమైంది.

వేరేచోట్ల చూసినా ఈ లంకె కనిపిస్తుంది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో ఇంగ్లీషువాళ్లకు కావలసింది గొర్రెల మేత నేల. కూలికి బ్రిటన్ నుంచి ఖైదీలు ఎటూ వస్తున్నారు. స్థానికులతో ఏ పనీ లేదు కాబట్టి 1830లో 2,200 మందితో మనుషుల వల పన్ని వాళ్లను ఒక మూలకు తోలాలని చూశారు. వల బోల్తా కొట్టింది, పట్టుబడింది ఇద్దరే. కానీ మిగిలినవాళ్లను నచ్చజెప్పి ఫ్లిండర్స్ దీవికి తరలించి, అక్కడ రోగాలకు వదిలేశారు. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్‌కు అడవి రబ్బరు కావాలి, దాన్ని గీసి తేవడానికి మనుషులు కావాలి. అందుకని అక్కడ ఊళ్లకు వాటాలు వేసి, భార్యలను తాకట్టు పట్టారు. తూటాలు వేటకు వృథా చేయలేదని చూపడానికి సైనికులు నరికిన చేతులు బుట్టల్లో తెచ్చి లెక్క అప్పజెప్పారు. రెండూ ఘోరాలే. ఒకచోట మనిషి అడ్డు, ఇంకోచోట మనిషి పనిముట్టు.

ఈ కథలో అప్పు చిట్టా దగ్గర తెలుగు పాఠకులు ఆగకుండా ఉండలేరు. హెరెరోల కన్నా పాతికేళ్ల ముందు, 1879 మార్చిలో, గోదావరి మన్యంలో రంపలో తిరుగుబాటు లేచింది. చెట్టు నుంచి తీసుకునే కల్లు మీద పన్నులు, రంప జమీందారు అయిన మన్సబుదారు దండుకోళ్లు, పోలీసుల మామూళ్లు కారణాలుగా అందరికీ తెలుసు. వాటితో పాటు విచారణలో బయటపడింది ఇంకొకటి. పల్లపు షావుకార్లు కొండవాళ్లకు అరువిచ్చి, ఇష్టమొచ్చినట్టు పత్రాలు రాయించుకుని, మైదానపు సివిల్ కోర్టుల్లో అవతలివాడు హాజరు కాని డిక్రీలు తెచ్చి, ఎడ్లనూ పంటనూ జప్తు చేసుకుపోయేవారు. కొండ దిగి కోర్టుకు రావాలని కోయ, కొండరెడ్లకు సమన్లు అందినా చదివేదెవరు? ఒకహాండ్జాలో జర్మన్ వ్యాపారి బండి మీద వచ్చి చేసిన పనినే ఇక్కడ కోర్టు అమీను వచ్చి చేశాడు.

రంపలో హింస తక్కువేం కాదు. మద్రాసు ప్రభుత్వం పలు పటాలాలను దించింది, ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతమయ్యాడు, పట్టుబడినవారిలో ఎందరో అండమాన్లకు వెళ్లారు. కానీ ఒమాహెకె జరగలేదు. బ్రిటిష్ పాలకులు జర్మన్ల కన్నా మంచివాళ్లు కావడం దీనికి కారణం కాదు, టాస్మేనియాలో ఉన్నదీ వాళ్లే. మలేరియా మన్యంలో తెల్ల రైతులను కుదిరించే ఆలోచన లేదు. కావలసింది పన్ను, కలప, కాస్త ప్రశాంతత. అందుకే మన్సబుదారును తొలగించి సర్దుబాట్లు మొదలుపెట్టారు, 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చారు. వడ్డీ 24 శాతం దాటకూడదు, గిరిజనేతరులకు భూమి అమ్మాలంటే ఏజెంటు అనుమతి కావాలి. ఇప్పుడు అందరి నోళ్లలో ఉన్న 1/70 చట్టానికి అది ముత్తాత లాంటిది. దయ అనుకోవడం కన్నా, మళ్లీ పటాలాలను పంపే ఖర్చు తప్పించుకోవడం అనుకుంటే సరిగ్గా ఉంటుంది. ఐదేళ్లకే రోడ్డు పనుల కూలి ఎగవేతతో, అడవి కట్టుబాట్లతో మన్యం మళ్లీ రగిలింది. అల్లూరి సీతారామరాజు కథ అక్కడి నుంచి మొదలవుతుంది.

నమీబియాలో లెక్క ఇంకా తేలలేదు. 2021 మేలో జర్మనీ ఈ హత్యాకాండను ఈనాటి దృష్టితో చూస్తే జాతి నిర్మూలనేనని ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. ‘నష్టపరిహారం’ అన్న మాట వాడలేదు, అభివృద్ధి సాయం అంది. చర్చల గదిలో తమకు చోటివ్వలేదని హెరెరో, నామా సంఘాల్లో చాలామంది దాన్ని తోసిపుచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాట్లాడేది డబ్బు గురించి కాదు. 2018 గణాంకాల ప్రకారం నమీబియాలో ప్రైవేటు పట్టా ఉన్న వాణిజ్య సేద్యపు భూమిలో దాదాపు 70 శాతం ఇంకా తెల్లవారి చేతుల్లోనే ఉంది. వాటర్‌బర్గ్ చుట్టుపక్కల తాతల సమాధులు చూసుకోవాలంటే హెరెరో కుటుంబాలు ఇవాళ్టికీ కంచె దగ్గర నిలబడి పొలం యజమానిని గేటు తీయమని అడగాల్సిన చోట్లున్నాయి.